పెద్ద పేగు సిరలు

పెద్ద పేగు సిరలు అనగా పెద్ద పేగు గోడల నుండి రక్తాన్ని సేకరించి కాలేయానికి చేరవేసే రక్తనాళాలు. కాళ్ళు, చేతులు, తల మొదలైన భాగాల నుండి వచ్చే సిరలు రక్తాన్ని నేరుగా గుండెకు చేరుస్తాయి. పెద్ద పేగు నుండి బయలుదేరిన రక్తం మాత్రం మొదట కాలేయంలో ప్రవేశించి, ఆ తరువాతనే గుండెను చేరుతుంది. ఈ ఏర్పాటు వలన పేగు పీల్చుకున్న పదార్థాలు శరీరమంతటా వ్యాపించక ముందే కాలేయం వాటిని మార్చడమో, నిల్వ చేయడమో, విషరహితం చేయడమో జరుగుతుంది. అయితే ఇదే దారి వెంట పేగులోని సూక్ష్మజీవులు, కాన్సరు కణాలు కూడా కాలేయానికి చేరగలవు.

ఈ సిరలు అందరిలోనూ ఒకే విధంగా ఉండవు. ధమనుల కంటె సిరలలో తేడాలు ఎక్కువ. పాఠ్యపుస్తకాలలోని పటం వంటి అమరిక అచ్చంగా అలాగే కనిపించే వారు తక్కువ. అందువలన ఉదర శస్త్రచికిత్స చేసే వైద్యులకు ఈ వైవిధ్యాల పరిజ్ఞానం అత్యవసరం.

పేర్లు

శరీర భాగాల నుండి గుండె వైపు రక్తాన్ని తెచ్చే నాళాన్ని సిర అని, గుండె నుండి భాగాలకు రక్తాన్ని కొనిపోయే నాళాన్ని ధమని అని అంటారు. ఈ రెండు మాటలూ సంస్కృతం నుండి వచ్చినవి. సుశ్రుత సంహితలోని శారీరస్థానంలో సిరలు ఏడు వందలని, వాటికి మూలం నాభి అని చెప్పబడింది. ఆ గ్రంథంలోని సిర, నేటి వైద్యశాస్త్రంలోని సిర ఒకే అర్థం గల మాటలు కావు. పాత మాటను ఆధునిక శాస్త్రం కొత్త అర్థంలో స్వీకరించింది.

పేగులను ఉదరపు వెనుక గోడకు కలిపి ఉంచే పలుచని పొరల మడతను ఆంత్రయోజని అంటారు. పేగులకు వెళ్ళే ధమనులు, వాటి నుండి వచ్చే సిరలు, నాడులు, రసనాళాలు అన్నీ ఈ మడతలోనే ఉంటాయి. ఇందులోని రెండు పెద్ద సిరలను ఎగువ ఆంత్రయోజని సిర, దిగువ ఆంత్రయోజని సిర అని పిలుస్తారు. వైద్య కళాశాలలలో వీటికే సుపీరియర్ మీసెంటరిక్ వెయిన్, ఇన్‌ఫీరియర్ మీసెంటరిక్ వెయిన్ అని పేర్లు.

కాలేయానికి రక్తాన్ని చేర్చే పెద్ద సిరను తెలుగు పాఠ్యపుస్తకాలలో కాలేయ నిర్వాహక సిర అని వ్రాస్తారు. దీనినే ద్వారసిర అని కూడా అంటారు. లాటిన్ భాషలో పోర్టా అనగా ద్వారం. కాలేయం అడుగున రక్తనాళాలు ప్రవేశించే చోటును కాలేయపు ద్వారంగా భావించి, అక్కడకు వెళ్ళే సిరకు పోర్టల్ వెయిన్ అని పేరు పెట్టారు.

పెద్ద పేగులోని భాగాలు

పెద్ద పేగు పొడవు సుమారు 1.5 మీటర్లు. ఇది ఉదరంలో చిన్న పేగు చుట్టలకు చట్రం వలె అమరి ఉంటుంది. కుడి వైపు దిగువన చిన్న పేగు వచ్చి కలిసే చోట అంధనాళం, దానికి తోక వలె ఉండూకం ఉంటాయి. అక్కడి నుండి పైకి వెళ్ళే భాగం ఆరోహణ భాగం. ఇది కాలేయం క్రింద వంపు తిరిగి, ఉదరాన్ని కుడి నుండి ఎడమకు దాటే అడ్డు భాగం అవుతుంది. ప్లీహం వద్ద మళ్ళీ వంపు తిరిగి క్రిందికి దిగే అవరోహణ భాగం అవుతుంది. ఆ తరువాత మెలిక తిరిగిన సిగ్మాయిడ్ భాగం, చివరకు పురీషనాళం వస్తాయి.

సిరల అమరిక

గోడలోని సిరలు: పేగు లోపలి పొర క్రింద సన్నని సిరల వల ఉంటుంది. ఈ వల నుండి బయలుదేరిన చిన్న సిరలు కండర పొరను చీల్చుకొని వెలుపలికి వస్తాయి. పేగు లోపలి అంచు వెంబడి సాగే అంచు సిరలో ఇవి కలుస్తాయి. అంచు సిర నుండి పెద్ద శాఖలు ఆంత్రయోజని గుండా ఉదరపు మధ్యభాగం వైపు సాగుతాయి. ఈ శాఖలకు వాటి పక్కన ఉండే ధమనుల పేర్లే పెట్టారు.

కుడి వైపు సిరలు: ఇవి ఎగువ ఆంత్రయోజని సిరలో కలుస్తాయి.

* శేషాంత్ర–బృహదాంత్ర సిర: చిన్న పేగు చివరి భాగం, అంధనాళం, ఉండూకం, ఆరోహణ భాగపు మొదలు, వీటి రక్తాన్ని తెస్తుంది.
* కుడి బృహదాంత్ర సిర: ఆరోహణ భాగపు రక్తాన్ని తెస్తుంది.
* కాలేయపు వంపు సిర: కుడి వైపు పై వంపు నుండి వస్తుంది. దీనిని ఎగువ కుడి బృహదాంత్ర సిర అని కూడా అంటారు.
* మధ్య బృహదాంత్ర సిర: అడ్డు భాగపు రక్తాన్ని తెస్తుంది. ఇది ఒకటి కంటె ఎక్కువ ఉండటం సాధారణమే.

ఎగువ ఆంత్రయోజని సిర సాధారణంగా అదే పేరు గల ధమనికి కుడి వైపున ఉంటుంది. ఇది చిన్న పేగు రక్తాన్ని కూడా మోస్తుంది.

ఎడమ వైపు సిరలు: ఎడమ బృహదాంత్ర సిర, సిగ్మాయిడ్ సిరలు, ఎగువ పురీషనాళ సిర కలిసి దిగువ ఆంత్రయోజని సిర ఏర్పడుతుంది. ఈ సిర తన పేరే గల ధమనితో చివరి వరకు జంటగా నడవదు. ధమని మహాధమని నుండి క్రిందనే పుడుతుంది. సిర మాత్రం ధమనికి ఎడమ పక్కగా, దాని నుండి దూరంగా పైకి సాగి, ఆంత్రమూలం చిన్న పేగుగా మారే మలుపుకు ఎడమ పక్కన నడిచి, క్లోమం వెనుకకు చేరుతుంది.

కాలేయ నిర్వాహక సిర: క్లోమపు మెడ వెనుక ఎగువ ఆంత్రయోజని సిర, ప్లీహ సిర కలిసి కాలేయ నిర్వాహక సిరగా ఏర్పడతాయి. దీని పొడవు సుమారు 8 సెంటీమీటర్లు. కాలేయానికి అందే రక్తంలో దాదాపు మూడు వంతుల పాళ్ళు, అనగా సుమారు 75 శాతం, ఈ సిర ద్వారానే వస్తుంది. మిగిలినది కాలేయ ధమని తెస్తుంది.

ఈ అమరికను నీటిపారుదలతో పోల్చి అర్థం చేసుకొనవచ్చు. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలలో పడిన వాన చిన్న చిన్న నాలాల గుండా, చెరువుల గుండా మూసీ వైపు పోతుంది. మూసీ నది వాడపల్లి వద్ద కృష్ణా నదిలో కలుస్తుంది. వీధి కాలువ, నాలా, ఉపనది, నది అనే వరుసలోనే పేగు గోడలోని సన్న సిర, అంచు సిర, బృహదాంత్ర సిర, ఆంత్రయోజని సిర, కాలేయ నిర్వాహక సిర ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. కాలేయ నిర్వాహక సిర నేరుగా గుండెను చేరదు. డెల్టాలో నది పంట కాలువలుగా చీలి పొలాలను తడిపి, మిగిలిన నీరు మళ్ళీ మురుగు కాలువలలో చేరినట్లు, ఈ సిర కాలేయంలో లెక్కలేనన్ని సన్న నాళాలుగా చీలిపోతుంది. ఆ రక్తం మళ్ళీ ఏకమై కాలేయ సిరల ద్వారా గుండెకు చేరుతుంది.

పిండదశలో ఏర్పడే విధానం

పిండంలో పేగును ముందు పేగు, మధ్య పేగు, వెనుక పేగు అని మూడు భాగాలుగా చెబుతారు. అంధనాళం నుండి అడ్డు భాగంలో మొదటి మూడింట రెండు వంతుల వరకు మధ్య పేగు నుండి ఏర్పడుతుంది. దీని రక్తం ఎగువ ఆంత్రయోజని సిరకు పోతుంది. మిగిలిన అడ్డు భాగం నుండి పురీషనాళపు పై భాగం వరకు వెనుక పేగు నుండి ఏర్పడుతుంది. దీని రక్తం దిగువ ఆంత్రయోజని సిరకు పోతుంది. కుడి, ఎడమ భాగాలకు వేర్వేరు సిరలు ఉండటానికి కారణం ఇదే.

పిండం పెరిగే కాలంలో మధ్య పేగు అపసవ్య దిశలో మొత్తం 270 డిగ్రీలు తిరుగుతుంది. ఈ తిరుగుడు సరిగా జరగకపోతే ఎగువ ఆంత్రయోజని సిర ధమనికి కుడి వైపున కాక ముందు గాని, ఎడమ వైపున గాని ఉండవచ్చు. పిల్లలలో పచ్చని వాంతులు కలిగినప్పుడు వైద్యులు అల్ట్రాసౌండ్ పరీక్షలో ఈ రెండు నాళాల స్థానాలను కూడా గమనిస్తారు. అవి తారుమారుగా ఉంటే పేగు మెలిక పడే ప్రమాదాన్ని అనుమానించి తదుపరి పరీక్షలు చేస్తారు.

సిరలు మొదట వల వంటి అల్లికగా ఏర్పడతాయి. ఆ అల్లికలో కొన్ని దారులు పెద్దవై నిలుస్తాయి, కొన్ని మూసుకుపోతాయి. ఏ దారి నిలుస్తుందనేది వ్యక్తి వ్యక్తికీ మారుతుంది. సిరలలో వైవిధ్యం ఎక్కువగా ఉండటానికి ఇది ప్రధాన కారణం.

పని

చిన్న పేగు నుండి పెద్ద పేగుకు రోజుకు సుమారు ఒకటి నుండి ఒకటిన్నర లీటర్ల ద్రవం చేరుతుంది. అందులో అధిక భాగాన్ని పెద్ద పేగు పీల్చుకొనగా, మలంతో పాటు 100 నుండి 200 మిల్లీలీటర్ల నీరు మాత్రమే వెలుపలికి పోతుంది. పీల్చుకున్న నీరు, లవణాలు సిరల ద్వారానే రక్తప్రవాహంలో చేరుతాయి.

జీర్ణం కాని పీచు పదార్థాన్ని పెద్ద పేగులోని బాక్టీరియా పులియబెట్టి అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను తయారు చేస్తాయి. బ్యుటిరిక్ ఆమ్లాన్ని పేగు కణాలే చాలా వరకు ఆహారంగా వాడుకుంటాయి. మిగిలినవి సిరల వెంట కాలేయానికి పోతాయి.

బాక్టీరియా మాంసకృత్తుల నుండి అమ్మోనియాను కూడా తయారు చేస్తాయి. ఇది మెదడుకు హానికరం. ఆరోగ్యవంతుని కాలేయం దీనిని యూరియాగా మార్చి వేస్తుంది. సిర్రోసిస్ వలన కాలేయం గట్టిపడిన రోగులలో ఈ పని సరిగా జరగక, మత్తు, తికమక, చేతులు వణకటం వంటి లక్షణాలు కలుగుతాయి. ఇట్టి రోగులకు లాక్ట్యులోజ్ అనే మందు ఇవ్వడానికి కారణం పెద్ద పేగులో అమ్మోనియా పీల్చుకోవడాన్ని తగ్గించడమే.

వైవిధ్యాలు

పెద్ద పేగు సిరలలో కనిపించే ముఖ్యమైన తేడాలు ఇవి.

శేషాంత్ర–బృహదాంత్ర సిర: ఇది దాదాపు అందరిలోనూ ఉండే నమ్మకమైన సిర. శస్త్రవైద్యులు కుడి భాగంలో దీనినే మొదటి గుర్తుగా తీసుకుంటారు. అయితే దీని జంట ధమని ఎగువ ఆంత్రయోజని సిరకు ముందు నుండి దాటవచ్చు, వెనుక నుండి దాటవచ్చు. రెండు రకాలూ తరచుగానే కనిపిస్తాయి.

కుడి బృహదాంత్ర సిర: ఇది చాలా అస్థిరమైనది. ఎగువ ఆంత్రయోజని సిరలో నేరుగా కలిసే విడి సిరగా ఇది అందరిలోనూ కనిపించదు. కొందరిలో ఇది అసలు ఉండదు. కొందరిలో క్రింద చెప్పబోయే హెన్లే కాండంలో కలుస్తుంది.

హెన్లే కాండం: జీర్ణాశయం నుండి వచ్చే ఒక సిర, పెద్ద పేగు కుడి వంపు నుండి వచ్చే సిర కలిసి పొట్టి కాండంగా ఏర్పడి, క్లోమపు దిగువ అంచు వద్ద ఎగువ ఆంత్రయోజని సిరలో కలుస్తాయి. దీనిని 1868లో జర్మను శాస్త్రవేత్త యాకోబ్ హెన్లే వర్ణించాడు. క్లోమం తల నుండి వచ్చే సిర కూడా దీనిలో కలుస్తుందని 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు దెకాం, ద లాలోబీ చూపించారు. ఈ కాండం పది మందిలో సుమారు ఏడు నుండి తొమ్మిది మందిలో కనిపిస్తుంది. దీనిలో కలిసే పేగు సిరల సంఖ్య మాత్రం ఒకటి, రెండు, అరుదుగా మూడు కూడా ఉంటుంది. పేగు సిర ఒక్కటీ కలవక, జీర్ణాశయ సిర, క్లోమ సిర మాత్రమే కలిసే వారు కూడా ఉన్నారు.

మధ్య బృహదాంత్ర సిర: ఎక్కువ మందిలో ఎగువ ఆంత్రయోజని సిరలో కలుస్తుంది. కొందరిలో హెన్లే కాండంలోను, కొందరిలో దిగువ ఆంత్రయోజని సిరలోను, అరుదుగా ప్లీహ సిరలోను కలుస్తుంది.

దిగువ ఆంత్రయోజని సిర: ఇది ముగిసే చోటును బట్టి మూడు ముఖ్య రకాలు ఉన్నాయి.

* ప్లీహ సిరలో కలవడం. పాఠ్యపుస్తకాల పటాలలో సాధారణంగా చూపేది ఇదే.
* ఎగువ ఆంత్రయోజని సిరలో కలవడం. ఇది కూడా తరచుగా కనిపిస్తుంది.
* ఆ రెండు సిరలు కలిసే మూలలోనే కలవడం.

ఈ రకాల శాతాలు ఒక అధ్యయనానికీ మరొక అధ్యయనానికీ మారుతుంటాయి.

రెండు వ్యవస్థల మధ్య దారులు

పెద్దవారిలో కాలేయ నిర్వాహక సిరకు, దాని శాఖలకు కవాటాలు ఉండవు. కాలి సిరలలో రక్తం వెనుకకు జారకుండా కవాటాలు అడ్డుకుంటాయి. ఇక్కడ అట్టి అడ్డు లేదు. కాబట్టి కాలేయంలో గాని, కాలేయ నిర్వాహక సిరలో గాని ఆటంకం ఏర్పడితే రక్తం వెనుకకు తిరిగి వేరే దారి వెతుక్కుంటుంది. తూము మూసుకుపోయిన చెరువులో నీరు నిండి అలుగు మీదుగా పొర్లినట్లు ఇది జరుగుతుంది.

పురీషనాళం ఇట్టి దారులలో ఒకటి. దాని ఎగువ సిర కాలేయ వ్యవస్థకు చెందినది. మధ్య, దిగువ సిరలు కటి భాగపు సిరల ద్వారా నేరుగా గుండె వైపు పోతాయి. ఈ మూడూ పురీషనాళపు గోడలో ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. సిర్రోసిస్ రోగులలో ఇక్కడి సిరలు ఉబ్బి రక్తస్రావం కలగవచ్చు. దీనిని మొలల వ్యాధితో కలిపి చూడరాదు. మొలలు అనగా పాయువు లోపలి మెత్తటి దిండ్ల వంటి కణజాలం జారి ఉబ్బడం. సిర్రోసిస్ లేనివారిలోనే అవి ఎక్కువగా కనిపిస్తాయి.

ఆరోహణ, అవరోహణ భాగాలు ఉదరపు వెనుక గోడకు అంటుకొని ఉంటాయి. అక్కడ పేగు సిరలకు, వెనుక గోడ సిరలకు మధ్య సన్నని కలయికలు ఉంటాయి. వీటిని స్వీడను శాస్త్రవేత్త ఆండర్స్ రెట్జియస్ పేరు మీద రెట్జియస్ సిరలు అంటారు.

పురీషనాళంలో ఉంచే మందు బిళ్ళల పనితీరు కూడా ఈ అమరిక మీదనే ఆధారపడుతుంది. దిగువ భాగంలో పీల్చుకోబడిన మందులో కొంత కాలేయాన్ని తప్పించుకొని నేరుగా రక్తంలో చేరుతుంది. పై భాగంలో పీల్చుకోబడినది ముందుగా కాలేయానికి పోతుంది.

వ్యాధులలో ప్రాముఖ్యత

కాలేయంలో అమీబా గడ్డ: ఎంటమీబా హిస్టోలిటికా అనే ఏకకణజీవి కలుషితమైన నీరు, ఆహారం ద్వారా పేగులో ప్రవేశిస్తుంది. పెద్ద పేగు గోడలో, ముఖ్యంగా అంధనాళం, ఆరోహణ భాగాలలో పుండ్లు చేస్తుంది. అక్కడి చిన్న సిరలలోకి చొచ్చుకొని ఎగువ ఆంత్రయోజని సిర, కాలేయ నిర్వాహక సిరల గుండా కాలేయానికి చేరి, అక్కడి కణజాలాన్ని కరిగించి గడ్డను ఏర్పరుస్తుంది. ఈ గడ్డ కాలేయపు కుడి భాగంలో ఎక్కువగా వస్తుంది. వయోజన పురుషులలో ఎక్కువ. మద్యపానం, ముఖ్యంగా కల్లు త్రాగే అలవాటు ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని భారతదేశపు ఆసుపత్రుల నుండి వెలువడిన అనేక అధ్యయనాలు తెలిపాయి. జ్వరం, కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి ముఖ్య లక్షణాలు. గడ్డ కనిపించే సమయానికి చాలా మందిలో విరేచనాలు ఉండవు. కనుక వ్యాధి పేగు నుండి వచ్చిందని రోగికి తోచదు. మెట్రోనిడజోల్ వంటి మందులతో చాలా మందికి నయమవుతుంది. గడ్డ పెద్దదైతే సూదితో గాని, గొట్టంతో గాని చీమును తీస్తారు. ఆలస్యమైతే గడ్డ పగిలి ప్రాణాపాయం కలగవచ్చు.

ఉండూకపు వాపు: ఉండూకం చీము పట్టి సకాలంలో చికిత్స జరగకపోతే, బాక్టీరియా శేషాంత్ర–బృహదాంత్ర సిర ద్వారా కాలేయ నిర్వాహక సిరకు ప్రాకి అందులో చీముతో కూడిన వాపును కలిగించవచ్చు. యాంటీబయాటిక్ మందులు వచ్చిన తరువాత ఇది అరుదైనది.

కాన్సరు వ్యాప్తి: పెద్ద పేగు కాన్సరు ఇతర అవయవాలకు వ్యాపించినప్పుడు అన్నిటి కంటె ఎక్కువగా చేరేది కాలేయానికే. సిరల దారి అటువైపే ఉండటం దీనికి ముఖ్య కారణం. పురీషనాళపు దిగువ భాగంలోని కాన్సరు మాత్రం కటి సిరల ద్వారా, కాలేయాన్ని తాకకుండానే ఊపిరితిత్తులకు చేరవచ్చు. అందుకే ఈ రోగులకు కాలేయంతో పాటు ఛాతీకి కూడా స్కాన్ చేస్తారు. శస్త్రచికిత్స తరువాత ఇచ్చే మందులలో ఫ్లూరోయురాసిల్‌కు తోడుగా ఫోలినిక్ ఆమ్లం ఇస్తారు. ఇది ఫోలిక్ ఆమ్లం నుండి వచ్చిన పదార్థం. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

సిరలలో రక్తం గడ్డకట్టడం: ఎగువ ఆంత్రయోజని సిరలో రక్తం గడ్డకడితే పేగు ఉబ్బి, క్రమంగా రక్తప్రసరణ ఆగి కుళ్ళిపోవచ్చు. రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావం, సిర్రోసిస్, క్లోమపు వాపు, ఉదర శస్త్రచికిత్సలు దీనికి కారణాలు. చేతితో నొక్కి చూసినప్పుడు పెద్దగా ఏమీ కనిపించకపోయినా రోగికి తీవ్రమైన నొప్పి ఉండటం దీని ప్రత్యేకత. సకాలంలో గుర్తిస్తే హెపారిన్ వంటి మందులతో చాలా మందిలో పేగును కాపాడవచ్చు. దిగువ ఆంత్రయోజని సిరలో ఇది తక్కువగా వస్తుంది.

వృద్ధులలో రక్తస్రావం: అరవై ఏళ్ళు దాటిన వారిలో అంధనాళం, ఆరోహణ భాగాలలోని సన్న సిరలు వ్యాకోచించి రక్తం కారవచ్చు. పేగు కండరం గుండా వెలుపలికి వచ్చే చోట ఈ సిరలు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా నొక్కబడటమే కారణమని 1977లో బోలీ, ఆయన సహచరులు ప్రతిపాదించారు. కొందరిలో రక్తస్రావం కంటికి కనిపించకుండా, రక్తహీనత రూపంలోనే బయటపడుతుంది. కొలనోస్కోపీ ద్వారా గుర్తించి, అదే పరికరంతో మాడ్చి చికిత్స చేస్తారు.

అరుదైన వ్యాధులు: కుడి వైపు సిరల గోడలు సున్నపు నిల్వలతో గట్టిపడే వ్యాధి ప్రధానంగా జపాన్, తైవాన్ దేశాలలో కనిపిస్తుంది. గార్డీనియా కాయ కలిసిన మూలికా మందులను ఏళ్ళ తరబడి వాడటంతో దీనికి సంబంధం ఉన్నట్లు తేలింది. ఎడమ వైపు సిరల లోపలి పొర మందమై దారి మూసుకుపోయే మరొక వ్యాధిని 1991లో జెంటా, హాగిట్ వర్ణించారు. ఇది పేగు పూతను పోలి ఉండటం వలన గుర్తించడం కష్టం.

క్లోమ వ్యాధులతో సంబంధం

ప్లీహ సిర క్లోమపు వెనుక భాగాన్ని ఆనుకొని పోతుంది. క్లోమం దీర్ఘకాలం వాచి ఉంటే ఈ సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. యువకులలో క్లోమంలో రాళ్ళు ఏర్పడి, మధుమేహానికి దారితీసే ఉష్ణమండలపు క్లోమ వ్యాధి దక్షిణ భారతదేశంలో చాలా కాలంగా తెలిసినదే. ఈ వ్యాధికి స్పింక్1 అనే జన్యువులోని మార్పులతో సంబంధం ఉన్నదని చూపే పరిశోధనను 2002లో ప్రచురించినవారు హైదరాబాదు ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ వైద్యులు.

దిగువ ఆంత్రయోజని సిర ముగిసే చోటు ఇట్టి సందర్భాలలో కీలకమవుతుంది. క్లోమం తలలోని కాన్సరు కోసం చేసే పెద్ద శస్త్రచికిత్సలో కొన్నిసార్లు సిరలు కలిసే మూలను తొలగించి, ప్లీహ సిరను కట్టివేయవలసి వస్తుంది. దిగువ ఆంత్రయోజని సిర ప్లీహ సిరలోనే కలిసి ఉంటే, ప్లీహపు రక్తం దాని గుండా వెనుకకు జారి బయటపడే దారి ఉంటుంది. అది ఎగువ ఆంత్రయోజని సిరలో కలిసి ఉంటే ఆ దారి ఉండదు. అప్పుడు జీర్ణాశయం, పెద్ద పేగు సిరలు ఉబ్బి, కొంతకాలం తరువాత రక్తస్రావం కలిగే ప్రమాదం పెరుగుతుంది. ఇద్దరు రోగులకు ఒకే శస్త్రచికిత్స జరిగినా ఫలితం వేరుగా ఉండటానికి సిరల అమరికలోని తేడా ఇలా కారణం కాగలదు.

శస్త్రచికిత్సలో ప్రాముఖ్యత

కుడి భాగపు పెద్ద పేగును కాన్సరు కోసం తొలగించేటప్పుడు, పేగుతో పాటు ఆంత్రయోజనిని చిరగకుండా తీసి, రక్తనాళాలను వాటి మొదట్లోనే కట్టివేసే పద్ధతిని జర్మనీలోని ఎర్లాంగెన్ నగరానికి చెందిన వెర్నెర్ హోహెన్‌బెర్గర్, ఆయన బృందం 2009లో వివరించారు. ఇందుకు ఎగువ ఆంత్రయోజని సిర మీదనే పని చేయవలసి ఉంటుంది. శేషాంత్ర–బృహదాంత్ర సిర నుండి హెన్లే కాండం వరకు గల భాగాన్ని శస్త్రచికిత్సా కాండం అంటారు. 1964లో దీనిని 81 శరీరాలలో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త గిల్లో పేరు మీద గిల్లో కాండం అని కూడా పిలుస్తారు.

ఈ చికిత్సలో రక్తస్రావం ఎక్కువగా జరిగే చోటు హెన్లే కాండం. సిరల గోడలు పలుచన. పేగును కొంచెం గట్టిగా లాగినా సన్న శాఖ తెగిపోతుంది. తెగిన సిర క్లోమం వైపు ముడుచుకొని పోతే, రక్తాన్ని ఆపే ప్రయత్నంలో క్లోమానికి గాయం కావచ్చు. సన్న గొట్టాల ద్వారా చేసే లాపరోస్కోపీలో రక్తపు మరక చూపును కప్పివేయడం వలన ఇబ్బంది ఇంకా ఎక్కువ. కాబట్టి ఈ కాండంలో ఏయే శాఖలు కలుస్తున్నాయో ముందుగానే తెలుసుకొని, పేగు శాఖను మాత్రమే కట్టివేసి, జీర్ణాశయ, క్లోమ శాఖలను వీలైనంత వరకు కాపాడతారు.

ఎడమ వైపు, పురీషనాళాన్ని తొలగించిన తరువాత పై పేగును క్రిందికి దించి అతకవలసి ఉంటుంది. పేగు అందకపోతే అతుకు బిగుతుగా ఉండి విడిపోతుంది. దిగువ ఆంత్రయోజని సిరను క్లోమపు దిగువ అంచు వద్ద కట్టివేస్తే పేగుకు అదనపు పొడవు లభిస్తుంది. ఎడమ వైపు ఆంత్రమూలం పక్కనున్న గుంటలో చిన్న పేగు చిక్కుకునే ఒక రకం లోపలి హెర్నియాలో, ఆ గుంట ముందు అంచున ఈ సిరే ఉంటుంది. చిక్కిన పేగును విడిపించే తొందరలో ఆ అంచును కోస్తే తీవ్ర రక్తస్రావం అవుతుంది.

పరీక్షలు

సిరలను చూడటానికి నేడు ఎక్కువగా వాడేది సీటీ స్కాన్. చేతి సిరలో రంగు మందు ఎక్కించిన సుమారు 60 నుండి 70 సెకన్ల తరువాత అది కాలేయ నిర్వాహక సిరలో నిండుతుంది. ఆ సమయంలో తీసిన చిత్రాల నుండి కంప్యూటరు సహాయంతో సిరల త్రిమితీయ పటం తయారు చేయవచ్చు. శస్త్రచికిత్సకు ముందు ఈ పటాన్ని చూసుకుంటే ఆ రోగికి ప్రత్యేకమైన అమరిక ముందే తెలుస్తుంది. డాప్లర్ అల్ట్రాసౌండ్ ద్వారా రక్తం ఏ దిశలో ప్రవహిస్తున్నదో, గడ్డ ఉన్నదో లేదో చూడవచ్చు. ఇందులో సూది గాని, కిరణాలు గాని అవసరం లేదు. అయితే పేగులోని వాయువు వలన చిన్న సిరలు దీనిలో సరిగా కనిపించవు.

చరిత్ర

ప్రాచీన రోము కాలపు వైద్యుడు గేలెన్, పేగులో జీర్ణమైన ఆహారం ఈ సిరల ద్వారా కాలేయానికి చేరి అక్కడ రక్తంగా మారుతుందని బోధించాడు. ఈ అభిప్రాయం వెయ్యి సంవత్సరాలకు పైగా నిలిచింది. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ సిద్ధాంతాన్ని ప్రచురించిన తరువాత, రక్తం పుట్టేది కాలేయంలో కాదని, అదే రక్తం గుండె చుట్టూ తిరుగుతున్నదని స్పష్టమైంది. అయినా పేగు నుండి పోషకాలు సిరల ద్వారా కాలేయానికి చేరుతాయన్న గేలెన్ పరిశీలన మాత్రం సరియైనదే. 19వ శతాబ్దంలో శరీరాలను కోసి చూచి సిరల పటాలను సిద్ధం చేశారు. 20వ శతాబ్దపు చివరి నుండి స్కాన్ల ద్వారా జీవించి ఉన్నవారిలోనే ఈ వైవిధ్యాలను వందల సంఖ్యలో పరిశీలించడం సాధ్యమైంది.

ఇవి కూడా చూడండి

* పెద్ద పేగు
* కాలేయం
* క్లోమం
* రక్తప్రసరణ వ్యవస్థ
* సిర్రోసిస్
* యల్లాప్రగడ సుబ్బారావు